జారే గేరు: ఒక లోపాన్ని గుర్తించడం వెనుక ఉన్న చరిత్ర

చిత్తూరు నుంచి పలమనేరు వైపు కారులో ప్రయాణించినవారికి మొగిలి ఘాట్ పరిచయమే. చిత్తూరు సముద్రమట్టానికి మూడు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తున ఉంది. నీలగిరులకు దారులు పడకముందు ఆంగ్లేయ అధికారులు వేసవిలో చల్లదనం కోసం పలమనేరుకు వచ్చేవారు. ఆ చల్లదనానికి కారణమైన ఎత్తే నేటి వాహనాలకు పరీక్ష.

ఇరవై ఏళ్ళు దాటిన ఒక ఆటోమేటిక్ కారు ఈ ఘాట్ ఎక్కుతోందని ఊహించుకుందాం. చదునైన రోడ్డు మీద దానికి ఏ ఇబ్బందీ లేదు. ఎగువ మొదలుకాగానే ఇంజను చప్పుడు పెరుగుతుంది, వేగం మాత్రం పెరగదు. వెనుక లారీ హారన్ కొడుతుంటుంది. ఎలాగో పైకి చేరిన యజమాని మెకానిక్ షెడ్డుకు వెళ్ళి "పికప్ లేదు" అంటాడు. మేస్త్రికి అలవాటైన జవాబు "క్లచ్ ప్లేటు అరిగిపోయి ఉంటుంది" అని. కానీ ఈ కారులో క్లచ్ పెడలే లేదు. ఇక మిగిలేవి రెండు మాటలు: "బాక్సు మార్చాలి", లేదా "బెంగళూరు తీసుకుపోండి". పాత కారు విషయంలో గేర్ బాక్సు మార్పిడి ఖర్చు కొన్నిసార్లు కారు ధరనే మించిపోతుంది. అప్పుడు బండి తుక్కు కిందికి పోతుంది. లోపం నిజంగా ఎక్కడుందో ఎవరూ చూడకుండానే పోతుంది.

మేస్త్రికి నైపుణ్యం లేదని దీని అర్థం కాదు. ఆయన గురువు, ఆ గురువుకు గురువు ఏ యంత్రాలను విప్పి బిగించారో ఆ యంత్రాల రోగాలే ఆయనకు తెలుసు. ఒక ప్రాంతపు మరమ్మతు విజ్ఞానం అక్కడికి చేరిన యంత్రాలను బట్టి ఏర్పడుతుంది. ఆటోమేటిక్ గేర్ బాక్సు మన షెడ్లకు ఎందుకు ఆలస్యంగా వచ్చిందో తెలిస్తే, ఈ లోపాన్ని ఎలా చదవాలో కూడా తేలికగా బోధపడుతుంది.

కాలికి తెలిసిన జారుడు

గేర్లు జారడం కొత్త సమస్య కాదు. 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారులో నేటి ఆటోమేటిక్ బాక్సులకు పూర్వరూపం లాంటి ప్లానెటరీ గేర్లు ఉండేవి. మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు, వాటితో పాటు తిరిగే డ్రమ్ములు. ఏ డ్రమ్మును పట్టి ఆపితే ఆ గేరు పడుతుంది. పట్టుకునే పని డ్రమ్ముకు చుట్టిన ఉక్కు పట్టీలది. వాటి లోపలి వైపు నూలు అల్లిక అతికించి ఉండేది. ఎడమ పెడల్‌ను అదిమితే తక్కువ వేగపు గేరు, పూర్తిగా వదిలితే ఎక్కువ వేగపు గేరు. మధ్య పెడల్ రివర్సు.

ఈ కారులో జారుడు డ్రైవరు పాదానికే తెలిసేది. పెడల్ చివరిదాకా వెళ్ళినా బండి లాగకపోతే పట్టీ వదులైందని అర్థం. తక్కువ వేగపు పట్టీని బయటి నుంచే ఒక స్క్రూ తిప్పి బిగించవచ్చు. మిగిలిన రెంటికీ పైమూత తీయాలి. అల్లిక పూర్తిగా అరిగితే కొత్తది వేయాలి. మరీ నిటారైన ఎగువలను కొందరు రివర్సులో ఎక్కేవారు. రివర్సు గేరుకు బలం ఎక్కువ. పైగా పంపు లేని ఆ కారులో పెట్రోలు దానంతటదే కిందికి పారి ఇంజనుకు చేరాలి కాబట్టి, ముందుభాగం పైకి లేస్తే ఇంజనుకు ఇంధనం అందేది కాదు. వినడానికి వింతగా ఉన్నా, యంత్రాన్ని బాగా ఎరిగినవారి ఉపాయం అది. లోపం కంటికి, కాలికి అందుబాటులో ఉన్న కాలం.

నూనె చాటుకు వెళ్ళిన గేర్లు

ఇంజను బలాన్ని ద్రవం ద్వారా అందించవచ్చని 1905లో జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ చూపించాడు. ఆయన ఉద్దేశం ఓడలు. ఆ సూత్రం కార్లలోకి రావడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. జనరల్ మోటార్స్ సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామేటిక్ అనే నాలుగు వేగాల బాక్సును ప్రవేశపెట్టింది. పట్టీలను, క్లచ్ ప్లేట్లను బిగించే పని డ్రైవరు కాలి నుంచి నూనె ఒత్తిడికి మారింది. 1950ల చివరికి అమెరికాలో అమ్ముడైన కొత్త కార్లలో అధికభాగం ఆటోమేటిక్‌వే.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆటోమేటిక్ కారులో క్లచ్ పెడల్ లేదు గాని, లోపల క్లచ్‌లు ఒకటి కాదు, అనేకం ఉంటాయి. అవి నూనెలో మునిగి ఉంటాయి, నూనె ఒత్తిడితోనే బిగుస్తాయి. ఒత్తిడి తగ్గితే కొత్త ప్లేట్లయినా జారతాయి. జారితే వేడి పుడుతుంది, వేడికి నూనె మాడుతుంది, మాడిన నూనె వల్ల మరింత జారతాయి. ఘాట్ మీద మొదలైన చిన్న జారుడు వారాల్లోనే పెద్దది కావడానికి కారణం ఇదే.

ఆ నూనె కూడా సామాన్యమైనది కాదు. గేర్ల పళ్ళను నున్నగా ఉంచాలి, అదే సమయంలో ప్లేట్లకు తగినంత పట్టు ఉండనివ్వాలి. ఈ రెండు విరుద్ధ గుణాలను కుదర్చడానికి 1970ల తొలి సంవత్సరాల వరకు అమెరికాలో స్పెర్మ్ తిమింగలపు నూనెను కలిపేవారు. ఆ జీవి రక్షణకు చట్టాలు రావడంతో రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాలు వెతకవలసి వచ్చింది. మొగిలి ఘాట్ మీద పట్టు తప్పే క్లచ్‌కు, సముద్రంలోని తిమింగలానికి ఇంత దగ్గర సంబంధం ఉండేదని ఎవరూ ఊహించరు.

మన షెడ్లకు చేరని అధ్యాయం

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్ల కూర్పు ప్రారంభించింది. ఫోర్డ్ కూడా ఆ దశాబ్దంలోనే మనదేశంలో కాలుపెట్టింది. విదేశీ విడిభాగాలను ఇక్కడ బిగించి అమ్మడం కాక, దేశంలోనే తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలనే అనుమతించాలని 1953లో ప్రభుత్వం నిర్ణయించింది. కొద్దికాలంలోనే ఆ రెండు సంస్థలూ తప్పుకున్నాయి. అంటే అమెరికాలో ఆటోమేటిక్ బాక్సు ఇంటింటికీ చేరుతున్న సంవత్సరాల్లోనే అమెరికా కార్ల దారి మనకు మూసుకుపోయింది.

ఆ తరువాత దశాబ్దాల పాటు మన రోడ్లను ఏలినవి అంబాసిడర్, ఫియట్ వంశానికి చెందిన ప్రీమియర్ పద్మిని, మద్రాసులో తయారైన స్టాండర్డ్ కార్లు. అన్నీ చేతితో మార్చే గేర్లే. దేశీయ పరిశ్రమను నిలబెట్టిన విధానంగా దీనికి న్యాయం ఉంది. చిన్న పట్టణాల్లో కూడా ఈ కార్లకు విడిభాగాలు, వాటిని బిగించగల చేతులు దొరికేవి. మరోపక్క మూడు తరాల మేస్త్రీలకు హైడ్రాలిక్ బాక్సును విప్పే అవకాశమే రాలేదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా మాన్యువలే. 1990లలో సరళీకరణ తరువాత మారుతి జెన్, ఎస్టీమ్ వంటి కార్ల ఆటోమేటిక్ రకాలు వచ్చాయి గాని, కొన్నవారు తక్కువ. ఇప్పుడు పాతబడినవి ఆ తరం కార్లు, వాటి తరువాతవి. చేతులు మారుతూ అవి చిన్న పట్టణాలకు చేరుతున్నాయి. వాటి రోగనిర్ణయ విద్య మాత్రం వాటితో పాటు రాలేదు.

లోపాన్ని చదవడం

ఆ విద్య రహస్యమేమీ కాదు. ముందు ప్రశ్న: ఇది జారుడేనా? ఇంజను వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే జారుడు. రెండూ పెరగకపోతే లోపం ఇంజనులోనో, ఇంధన సరఫరాలోనో, బిగుసుకున్న బ్రేకుల్లోనో ఉంటుంది. "పికప్ లేదు" అనే ఒక్క మాట ఈ రెంటినీ కలిపేస్తుంది. అందుకే యజమాని మాటను సాక్ష్యంగా తీసుకోవాలి గాని తీర్పుగా తీసుకోకూడదు. చరిత్ర విద్యార్థికి ఈ జాగ్రత్త కొత్తది కాదు.

తరువాత నూనె. బండిని చదునైన చోట నిలిపి, నూనె వేడెక్కాక కంపెనీ పుస్తకం చెప్పిన స్థితిలో మట్టం చూడాలి. చాలా కార్లలో ఇంజను నడుస్తుండగా చూడాలి, కొన్నింటిలో ఆపి చూడాలి. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది. మలుపుల్లో, ఎగువల్లో నూనె ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి ఘాట్ మీదే లోపం మొదట బయటపడుతుంది. మంచి నూనె సాధారణంగా ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నాయి. గులాబీరంగు పాలలా ఉంటే రేడియేటరు నుంచి నీరు కలుస్తోంది. తగ్గిన మట్టాన్ని ఇంజనాయిలుతో నింపడం మన దగ్గర తరచు జరిగే పొరపాటు. అది ఉన్న పట్టును కూడా పోగొడుతుంది.

అసలైన తర్కం మూడవ మెట్టులో ఉంది. పాత మూడు వేగాల బాక్సుల్లో చాలావాటికి ఒక క్లచ్ ముందుకు నడిచే గేర్లన్నింటిలోనూ పనిచేస్తుంది, మరొకటి మూడవ గేరులోనూ రివర్సులోనూ పనిచేస్తుంది. కాబట్టి ముందు గేర్లన్నీ జారుతూ రివర్సు బాగుంటే మొదటి క్లచ్‌ను అనుమానించాలి. మూడవ గేరు, రివర్సు మాత్రమే జారితే రెండవదాన్ని అనుమానించాలి. రివర్సుతో సహా అన్నీ జారితే క్లచ్‌లన్నీ ఒకేసారి చెడిపోయాయనుకోవడం కంటే, అన్నింటికీ మూలమైన నూనె మట్టం, ఫిల్టరు, పంపు, ఒత్తిడి వీటిలో ఒకటి చెడిందనుకోవడం సబబు. బాక్సు విప్పకుండానే ఇంతవరకు చెప్పవచ్చు. రోడ్డు మీద పావుగంట నడిపి, ఏ గేరులో ఏమైందో కాగితం మీద రాసుకుంటే చాలు.

స్టాల్ పరీక్ష అనేది ఇంకొకటి ఉంది. చక్రాలకు దిమ్మెలు పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి, డ్రైవ్‌లో ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా అదిమి ఇంజను ఎంత వేగానికి చేరుతుందో చూస్తారు. పుస్తకంలోని అంకె కంటే ఎక్కువైతే జారుడు ఖాయం. బాగా తక్కువైతే ఇంజను బలహీనమైనా కావచ్చు, టార్క్ కన్వర్టరులోని ఒకవైపు క్లచ్ పట్టు తప్పినా కావచ్చు. ఐదు సెకన్లకు మించి చేస్తే పరీక్షే బాక్సును కాల్చేస్తుంది. బండి ముందు మనుషులు ఉండకూడదు. అనుభవజ్ఞుల పర్యవేక్షణ లేకుండా దీనికి పూనుకోవద్దు.

ఇవన్నీ అయ్యాక ప్రెషర్ గేజ్. పాత బాక్సులకు ఒత్తిడి కొలవడానికి మరతో మూసిన చిన్న రంధ్రం ఉంటుంది. చాలా నమూనాల్లో యాక్సిలరేటరు నుంచి బాక్సుకు ఒక కేబులు వెళ్ళి, బరువు పెరిగినప్పుడు ఒత్తిడిని పెంచుతుంది. ఆ కేబులు సాగితే లోపల ప్లేట్లు బాగున్నా ఎగువ మీద జారతాయి. దాన్ని సరిచేయడానికి ఒక స్పానరు చాలు, కొత్త బాక్సు అక్కర్లేదు.

కంప్యూటరు వచ్చాక ఈ క్రమం కొంత మారింది. 1996 నుంచి అమెరికాలో తప్పనిసరి అయిన ప్రమాణం ప్రకారం బాక్సులోకి వచ్చే వేగాన్ని, బయటకు వెళ్ళే వేగాన్ని కంప్యూటరే పోల్చి తేడాను పీ0730 వంటి సంకేతంగా చూపుతుంది. గేరు నిష్పత్తి తప్పిందని అది చెబుతుంది. నూనె తక్కువైందా, క్లచ్ కాలిందా అన్నది చెప్పదు. 2014లో మారుతి సెలెరియోతో వ్యాపించిన ఏఎంటీ కార్లది మరో కథ. వాటిలో ఉన్నది మామూలు మాన్యువల్ బాక్సే, క్లచ్ తొక్కే పని మోటారుది. ఆ కారు జారితే పలమనేరు మేస్త్రి మొదట అన్న మాటే సరైనది: క్లచ్ ప్లేటు అరిగి ఉంటుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. మూడు వేగాల ఆటోమేటిక్ కారు ఒకటి పుంగనూరు నుంచి మదనపల్లె వరకు బాగా నడిచింది. మూడవ గేరులో మాత్రం జారింది. మీ అనుమానాన్ని ధ్రువపరచుకోవడానికి బండి ఆపాక ఏ గేరును పరీక్షిస్తారు? ఎందుకు?

2. మీ ఊరిలోని పాత మెకానిక్ షెడ్డుకు వెళ్ళి, అక్కడి మేస్త్రి తాను మొదట నేర్చుకున్న వాహనం ఏదో, విప్పిన మొదటి ఆటోమేటిక్ బాక్సు ఏదో అడిగి ఒక పేజీ రాయండి.