ఐరన్ గోలీ వెనక చరిత్ర: రక్తం తక్కువైతే ఇనుము తక్కువైనట్టేనా?



హాస్టళ్ళలో, స్కూళ్ళలో వారానికోసారి ఇచ్చే నీలం గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రక్తం తక్కువ అనగానే అదే మందు అనుకుంటాం. చాలామందికి అది నిజమే, కానీ అందరికీ కాదు. ఎందుకో చెప్పే చరిత్ర ఇది.

ఒంట్లో ఎక్కువైన ఇనుము పేగుల ద్వారా బయటికి పోతుందని ఒకప్పుడు డాక్టర్లు నమ్మేవాళ్ళు. 1937లో ఇంగ్లండ్‌లో మెక్‌కాన్స్, విడ్డోసన్ అనే ఇద్దరు అది తప్పని చూపించారు. ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. లోపలికి వచ్చేచోటే, అంటే పేగు దగ్గరే, కాపలా ఉంది. రోజుకు 1-2 మిల్లీగ్రాములే లోపలికి వెళ్తుంది. మిగతా అవసరమంతా ముసలి రక్తకణాల ఇనుమును మళ్ళీ వాడుకోవడంతోనే తీరుతుంది.

మరి ఆ కాపలాదారు ఎవరు? జవాబు 2000-2001లో దొరికింది. లివర్ తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్ అది. ఇనుము ఎక్కువైతే హెప్సిడిన్ పెరిగి పేగు తలుపు మూసేస్తుంది, తక్కువైతే తెరుస్తుంది. మలేరియా లాంటి జ్వరాల్లో కూడా ఇది పెరుగుతుంది. అప్పుడు ఒంట్లో ఇనుము ఉన్నా తాళం పడి రక్తం తయారీకి అందదు.

ఇక మన సంగతి. సికిల్ సెల్ జబ్బును 1910లో అమెరికాలో హెరిక్ అనే డాక్టర్ మొదట వర్ణించాడు. ఆయన పేషెంట్ గ్రెనడా నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. 1952లో నీలగిరి ఆదివాసుల్లో కూడా సికిల్ కణాలు కనిపించాయి. మామూలు రక్తకణం 120 రోజులు బతికితే, సికిల్ కణం 10-20 రోజులే. అది విరిగిపోయినా దాని ఇనుము ఒంట్లోనే ఉంటుంది. పైగా ఎక్కించే ఒక్కో రక్తం ప్యాకెట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము చేరుతుంది. బయటికి దారి లేదు కాబట్టి అది లివర్‌లో, గుండెలో పేరుకుంటుంది.

అందుకని వారం గోలీ మానేయమని కాదు, ఇనుము లోటు మనలో చాలామందికి ఉంది. కానీ సికిల్ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఐరన్ వేసుకోవద్దు. గోలీలు వాడినా రక్తం పెరగకపోతే సికిల్ టెస్ట్ చేయమని అడగండి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ఈ పరీక్షలు చేస్తున్నారు. అడగడం మన హక్కు. ఇంట్లో అమ్మకి, చెల్లికి కూడా చెప్పండి.

జై ఆదివాసీ.