తలకెక్కిన రుమాలు

లండన్‌లో, పలు దేశాల మూలాలున్న డిజైనర్ల కోసమే పెట్టిన ఫ్యాషన్ షో అది. నైజీరియా, జమైకా, సెయింట్ లూసియా అంటూ పేర్లు తెర మీద వెలిగి ఆరుతున్నాయి. సెయింట్ లూసియా వంతు వచ్చేసరికి నడిచొచ్చిన అమ్మాయి తలకు ఎరుపూ పసుపూ గళ్ల గుడ్డ, ముందువైపు ముడి, ముడిలోంచి నిక్కిన కొస. ఒంటి మీది గౌను కన్నా నాకు ఆ తలగుడ్డే నచ్చింది. చేతికిచ్చిన కాగితంలో దాని పేరు ‘మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అని వేశారు. అంటే రుమాలు. రుమాలును నెత్తికి కట్టడమేమిటని తెనాలి వాళ్లు అడగొచ్చు. నల్లగొండ వాళ్లు అడగరు.

కోస్తాలో రుమాలంటే జేబులో మడిచి పెట్టుకునేది. తెలంగాణలో దానికి దస్తీ అనే మాటుంది. అక్కడ రుమాలంటే తలకు చుట్టే పాగా. రెండు మాటలూ ఫార్సీవే. ‘దస్త్’ అంటే చెయ్యి. ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది, రుద్దేది. మాలీషు కూడా ఆ ధాతువు బిడ్డే. చెమట పడితే మొహం తుడుచుకుని, ఎండెక్కితే అదే గుడ్డను తలకు చుట్టుకునే మనవాళ్ల దగ్గర ముఖం నుంచి నెత్తికి ఎంత దూరమని!

ఇంగ్లీషు మాట దీనికి ఎదురు నడిచింది. కర్చీఫ్‌కు మూలం పాత ఫ్రెంచి మాట, అర్థం తలను కప్పేదని. ఆ గుడ్డ చేతికి దిగాక ముందు ‘హ్యాండ్’ తగిలించారు. జేబులోకి దిగాక ‘పాకెట్’ కూడా తగిలించారు. విడదీసి చదివితే జేబుచేతితలగుడ్డ! మనం నవ్వడానికేం లేదు, ‘చేతిరుమాలు’లో చెయ్యీ ముఖమూ రెండూ ఇరుక్కునే ఉన్నాయి.

ఈ రెండు మాటలూ కలుసుకున్నది మన తీరంలోనే. చీరాలలో తేలియా రుమాళ్లు నేసేవారు. తేల్ అంటే నూనె. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, ఇలా రోజుల తరబడి చేస్తేగాని ఎరుపు గట్టిగా పట్టదు. కొత్త గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ నూనె వాసన తగులుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగుండదు. అరబ్బు దేశాల్లో మగవాళ్లు వాటిని తలకు చుట్టుకున్నారు. వర్తకులు పెట్టిన పేరు ‘ఆసియా రుమాలు’.

మన తూర్పు తీరపు మగ్గాల మీద నేసిన గళ్ల గుడ్డలది ఇంకో దారి. అవి ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అన్న పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు చేరాయి. గజం చదరపు గుడ్డను ఏ జేబులో పెడతారు? అంతకు ముందు, బానిసలను కొన్న వర్తకులు ఆ తీరంలో చెల్లించిన సరుకుల్లో భారతదేశపు నూలు గుడ్డలూ ఉన్నాయి. అలా అమ్ముడుపోయిన మనుషుల వారసులే కరీబియన్ దీవుల్లో ఈ గళ్లగుడ్డను నెత్తికి కట్టారు. అలా హ్యాండ్‌కర్చీఫ్ దాని పుట్టింటికి, తల మీదికి, తిరిగి చేరింది. ఫ్రెంచి దీవుల్లో ముడి కొసలకు అర్థాలు చెబుతారు: ఒక్క కొస నిక్కితే మనసింకా ఎవరికీ ఇవ్వలేదని, మూడైతే పెళ్లయిందని. 1786లో లూసియానాలో స్పానిష్ గవర్నర్ మీరో, నల్లజాతి స్త్రీలు, మిశ్రజాతి స్త్రీలు జుట్టు కనపడకుండా గుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. వాళ్లు ఖరీదైన మద్రాసు గుడ్డలు తెప్పించి, నగలు గుచ్చి, ఉత్తర్వు తు.చ. తప్పకుండా పాటించారు.

నైజీరియాలో ఇగ్బోలు ఈ గుడ్డను ‘జార్జ్’ అంటారు; మద్రాసులోని సెయింట్ జార్జి కోట పేరే అలా మిగిలిందని చెబుతారు. నైజర్ డెల్టాలోని కలబారీలకు ఇది ‘ఇంజిరీ’. కలబారీ ఆడవాళ్లు చేసే పని విచిత్రం. బ్లేడు మొనతో ఒక్కో పోగును పైకెత్తి, కోసి, లాగేస్తారు. లేతరంగు పోగులు పోయినచోట సందులు పడి, మన నేతగాడు ఊహించని పూలూ గళ్లూ తేలతాయి. దాన్ని ‘పెలెటె బిటె’ అంటారు, కోసిన గుడ్డ అని. అంత కష్టపడి కలిపిన పోగును తెంపుతుంటే నేసినవాడి ప్రాణం విలవిల్లాడుతుంది, నిజమే. కానీ డిజైనర్ అనే బిరుదు ఎవరికివ్వాలని నన్నడిగితే ముందు ఆ ఆడవాళ్లకే ఇస్తాను. షోలో ఒక్కో డిజైనర్‌కు ఒక్కో జెండా చూపించారు. ఆ తలగుడ్డకు ఏ జెండా చూపిస్తారు?

మద్రాస్, జార్జ్, ఇంజిరీ, ఆసియా. ఇన్ని పేర్లలో మగ్గమున్న ఊరి పేరు ఒక్కటీ లేదు. రేవు పేరుంది, కోట పేరుంది, ఏకంగా ఖండం పేరే ఉంది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చాక దాన్ని నేసే తెలంగాణ ఊరు పుట్టపాక పేరు కాస్త వినబడుతోంది. అక్కడ ఇప్పుడు ఆ నేతలో దుపట్టాలూ చీరలూ వస్తున్నాయి. అయిదున్నర మీటర్లున్నా పేరు మాత్రం తేలియా రుమాలే. హైదరాబాద్‌లో ఏ దుకాణంలోనైనా ఆ పేరు చెప్పి అడగండి, కొత్తగా చేరిన పిల్లవాడైతే అయోమయంగా చూస్తాడు: “రుమాలు కావాల్నా మేడమ్, చీర కావాల్నా?”