ఆ రూంలో పొయ్యి ఎట్లా వెలిగింది

త్రిపురారం నుంచి మిర్యాలగూడ మీదుగా హైదరాబాద్ బయలుదేరే పిల్లల సామానులో బియ్యం సంచి, తొక్కు డబ్బా, చాప ఉండాల్సిందే. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, అశోక్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో ఊరి అన్న ఎవరో ముందే చూసిపెట్టిన రూంలో దిగుతారు. నలుగురైదుగురు కలిసి కిరాయి పంచుకునే ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే, గోడల చరిత్ర కన్నా వంట చరిత్రే ఎక్కువ దొరుకుతుంది. చదువుకునే పిల్లవాడికి ఎవరి పొయ్యి మీద అన్నం ఉడికిందన్నదే ఇందులో అసలు కథ.

నూరేళ్ల కిందట ఆ పొయ్యి ఎప్పుడూ పరాయిదే. పేద బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకుని చదివేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. డబ్బులిచ్చి తినగలవాళ్లకు పూటకూళ్ల ఇల్లుండేది. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ ఒంగోలులో అట్లాంటి పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించింది. వారాలిచ్చే గడప మాత్రం మిగతా కులాల పిల్లలకు తెరుచుకునేది కాదు.

నిజాం రాజ్యంలో ఆ లోటును కొంత తీర్చింది హాస్టల్. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన 1918లోనే హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలైంది. కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామరెడ్డి దాన్ని నిలబెట్టారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాగోగులు చూశారు. తర్వాత ఇతర కులాలవాళ్లూ తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టుకున్నారు, సర్కారు సంక్షేమ హాస్టళ్లు తెరిచింది. పల్లె పిల్లలకు పట్నంలో కాలు మోపే చోటిచ్చింది ఇవే. ఆ మేలు ఎంత గొప్పదైనా, బోర్డు మీది కులం పేరు ఎవరికి లోపల చోటుందో, ఎవరికి లేదో చెప్పేదన్న సంగతిని దాచిపెట్టి ఈ చరిత్ర రాయకూడదు.

మన త్రిపురారం వైపు పిల్లలు పట్నం దారి పట్టడానికి ఇంకో కారణం కాలువ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద త్రిపురారం, నిడమనూరు, హుజూర్‌నగర్, కోదాడ పొలాల్లో వరి పండింది, మిర్యాలగూడలో రైస్ మిల్లులు లేచాయి. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఆ మిల్లులకు పేరు తెచ్చింది. వడ్లమ్మిన డబ్బులు కాలేజీ ఫీజులయ్యాయి. పంటలోని బియ్యమే సంచికెత్తుకుని పిల్లలు బస్సెక్కారు.

సాగర్‌కు రాయి పడిన ఆ డిసెంబర్‌లోనే జపాన్‌లో తోషిబా కంపెనీ ఆటోమేటిక్ ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌ను అమ్మకానికి పెట్టింది. మినామి యోషితడ అనే చిన్న వ్యాపారి దాన్ని రూపొందిస్తే, ఆయన భార్య ఫుమికో మళ్లీ మళ్లీ వండి పరీక్షించింది. లోపలి గిన్నెలో బియ్యం, ఎసరు; బయటి గిన్నెలో కొలిచిన నీళ్లు. బయటి నీళ్లు ఆవిరైపోగానే వేడి నూరు డిగ్రీలు దాటుతుంది, రెండు లోహాల పట్టీ వంగి స్విచ్ ఆపేస్తుంది. అన్నం వార్చడం రాని కుర్రాడికి ఇంతకన్నా పెద్ద సాయం ఏముంటుంది? పొయ్యి దగ్గర నిలబడకుండా పుస్తకం ముందు కూర్చునే వీలొచ్చింది.

కుక్కర్ మన రూముల్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతదాకా నడిపించింది ఒత్తుల కిరసనాయిలు స్టవ్. గ్యాస్ అందని పండే. 14.2 కిలోల సిలిండర్ కనెక్షన్‌కు చిరునామా రుజువు కావాలి. ఏటా రూం మారే పిల్లల దగ్గర అదెక్కడిది? 2013లో ఆయిల్ కంపెనీలు చిరునామా రుజువు అడగకుండా 5 కిలోల సిలిండర్ అమ్మడం మొదలుపెట్టాయి. ఇల్లు లేనివాళ్లకూ ఆకలి ఉంటుందని వ్యవస్థ ఒప్పుకున్న ఆ రోజును నేను చిన్నదిగా చూడను.

పొయ్యి వచ్చాక రూం ఇల్లవుతుంది. ఎట్లాగంటే, వంట రాగానే వంతులొస్తాయి. అన్నం ఒకరిది, కూర ఒకరిది, అంట్లు ఇంకొకరివి. ఉప్పు నుంచి పాల ప్యాకెట్ దాకా లెక్క రాసే నోట్‌బుక్ గోడకు వేలాడుతుంది. ఒకరికి జ్వరమొస్తే మిగతావాళ్లకు చారు పెట్టడం వస్తుంది. ఉద్యోగమొచ్చి అన్న ఖాళీ చేస్తే స్టవ్, బకెట్లు, ఓనర్ దగ్గరున్న అడ్వాన్స్ ఊరి తమ్ముడి చేతికొస్తాయి. ఇంటిపేరు అడిగి కులం ఆరా తీసే ఓనర్లు ఇంకా ఉన్నారు. కానీ లోపల వేర్వేరు కులాల పిల్లలు ఒకే కుక్కర్‌లో అన్నం పెట్టుకుని తింటున్నారు. హాస్టల్ బోర్డు చేయలేని పని అది.

1990 నాటి అమెరికా చట్టంతో హెచ్1బీ వీసా వచ్చాక ఇదే పద్ధతి సముద్రం దాటింది. డాలస్‌లో దిగిన తెలుగు కుర్రాళ్ల అపార్ట్‌మెంట్‌లోనూ వంతులే, రైస్ కుక్కరే. నోట్‌బుక్ బదులు ఫోన్‌లో లెక్క.

ఆడపిల్లల విషయంలో ఈ చరిత్ర ఇప్పుడే మొదలవుతోంది. భద్రత పేరుతో ఇంట్లోవాళ్లు వాళ్లను ప్రైవేటు హాస్టళ్లలోనే చేరుస్తూ వచ్చారు. అక్కడ మంచం దొరుకుతుంది, మెస్ తిండి దొరుకుతుంది, గదిలో వండుకునే వీలు సాధారణంగా ఉండదు. ముగ్గురు ఉద్యోగినులు కలిసి ఫ్లాట్ తీసుకుంటామంటే మగపిల్లలను అడగని ప్రశ్నలన్నీ ఓనర్లు అడుగుతారు. అయినా తీసుకుంటున్నారు. త్రిపురారం, కోదాడ వైపు అమ్మలు ఇప్పుడు బియ్యం సంచులు కూతుళ్లకూ కడుతున్నారు.