రూడీ మణికట్టు

సొంత గరాజ్‌లో సిఎన్‌సి ప్లాస్మా టేబుల్ పెట్టుకోవాలనుకునే అమెరికన్ ముందుగా అడిగేవి రెండు: ఎంత పెద్ద షీటు పడుతుంది, ఎంతకి వస్తుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఈ యంత్రం చరిత్ర కాస్త తిరగేశాక, వాటికంటే ముందు ఇంకోటి అడగాలనిపిస్తోంది నాకు. టార్చి ఎత్తు ఎవరు చూసుకుంటారు?

చూడ్డానికి ఇదేమంత పెద్ద యంత్రం కాదు. ఇనప చట్రం, దాని మీద పట్టాలు, పట్టాల మీద జరిగే దూలం, దూలానికి వేలాడే టార్చి. టార్చి కొసనున్న సన్నటి రంధ్రంలోంచి గాలి దూసుకొస్తుంది. అందులోంచి కరెంటు పారితే ఆ గాలి వేల డిగ్రీల వేడెక్కి ప్లాస్మా అవుతుంది. తగిలినచోట ఇనుము కరిగి కిందకి ఎగిరిపోతుంది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మ వెంట టార్చిని మోటార్లు నడిపిస్తాయి. ఒకప్పుడు పెద్ద ఫ్యాక్టరీలకే తాహతున్న ఈ వ్యవహారం కారు షెడ్డులోకి రావడానికి అరవై ఏళ్ళకి పైగా పట్టింది.

కథ మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీ అనే ఊళ్ళో మొదలవుతుంది. 1940లలో అక్కడ జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపుకి అచ్చు కోయాలంటే కొన్ని బిందువులు గుర్తుపెట్టుకుని, మధ్యలోదంతా పనివాడి కంటికీ చేతికీ వదిలెయ్యాలి. పార్సన్స్ దగ్గర పనిచేసే ఫ్రాంక్ స్టూలెన్, ఐబిఎమ్ పంచ్‌కార్డు మిషన్ల మీద ఆ బిందువుల సంఖ్యని 17 నుంచి 200కి పెంచాడు. ఆ తర్వాత చేసిన పని నాకు భలే నచ్చుతుంది. ఒకడు కాగితం చూసి అంకెలు చదువుతుంటే, ఇంకొకడు మిల్లింగ్ మిషను ఎక్స్ చక్రం, మూడోవాడు వై చక్రం తిప్పేవారు. నా లెక్కలో ప్రపంచంలో మొదటి సిఎన్‌సి కంట్రోలర్ ఈ ముగ్గురు మనుషులే.

1949లో అమెరికా వైమానిక దళం డబ్బు పెట్టింది. పార్సన్స్ సాయం అడిగిన ఎమ్‌ఐటీ సర్వోమెకానిజమ్స్ లాబొరేటరీ మెల్లగా ప్రాజెక్టునే తన చేతుల్లోకి తీసుకుంది. 1952లో కాగితపు టేపు మీద చిల్లులు చదువుకుంటూ తనంతట తానే లోహం కోసే మిల్లింగ్ మిషన్ని జనానికి చూపించారు.

అదే 1952లో కర్ట్ వానెగట్ మొదటి నవల 'ప్లేయర్ పియానో' అచ్చయింది. అతను అంతకుముందు షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రచార విభాగంలో పనిచేశాడు. జెట్ ఇంజన్ల రోటర్లను తనంతట తానే కోస్తున్న మిల్లింగ్ మిషన్ని అక్కడే చూశాడు. నవలలో రూడీ హెర్ట్జ్ అని ఒక ముసలి మెషినిస్టు ఉంటాడు. ముగ్గురు కుర్ర ఇంజనీర్లు ఆయన చేతి కదలికల్ని టేపు మీద రికార్డు చేసుకుని పోతారు. ఆ టేపుతోనే లేత్‌లు నడుస్తాయి, రూడీ అవసరం ఇక ఉండదు. ఆ ఇంజనీర్లు తన పనితనాన్నే ఎంచుకున్నారని రూడీ పొంగిపోవడం దగ్గర గుండె పిండేస్తాడు వానెగట్.

ఇది ఉత్త కల్పన కాదు. పనివాడి కదలికల్ని రికార్డు చేసి మళ్ళీ ఆడించే పద్ధతి మీద జనరల్ ఎలక్ట్రిక్‌లో నిజంగానే పని జరిగింది. డేవిడ్ నోబుల్ 1984లో రాసిన 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్'లో ఈ చరిత్రంతా తవ్వి తీశాడు. ఆయన వాదన వానెగట్‌కి ఇంకో వైపు నుంచి వస్తుంది. రికార్డింగ్ పద్ధతిలో కనీసం పనివాడి నైపుణ్యానికి చోటుంది, పగ్గాలు షాప్ ఫ్లోర్ మీదే ఉంటాయి. యాజమాన్యాలకి నచ్చనిదే అది, అందుకే లెక్కలన్నీ ఆఫీసులో కూర్చుని చేసే పద్ధతిని నెగ్గించారు అంటాడు. నేను సగమే ఒప్పుకుంటాను. విమానాల వంపులు ఏ చెయ్యీ నేర్పగలిగినవి కావు, వాటికి గణితమే కావాలి. కానీ పనితనం ఎక్కడ ఉండాలి, చేతిలోనా టేపులోనా అని ఆయన అడిగింది మాత్రం కొట్టిపారేసేది కాదు. ప్లాస్మా టేబుల్ ధర అర్థం కావాలన్నా అదే అడగాలి.

ఎందుకంటే టేపులోకి ఎక్కినదంతా చవకైపోయింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 1990లలో మామూలు కంప్యూటర్ మీద నడిచే మిషన్ కంట్రోలర్ రాసింది. ప్రజాధనంతో చేసింది కాబట్టి కాపీరైటు లేదు. వాలంటీర్లు దాన్ని అందుకుని పెంచారు. పేరు ఇఎమ్‌సి, అదే పేరున్న డేటా స్టోరేజ్ కంపెనీ అభ్యంతరం చెబితే లినక్స్‌సిఎన్‌సిగా మార్చుకున్నారు. 2009లో సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ అనే నార్వే ప్రోగ్రామర్ ఇంకా కిందకి దిగి, ఆర్డుయినో బోర్డు మీద సరిపోయేలా జిఆర్‌బిఎల్ రాశాడు. ఆ చిప్పులో ర్యామ్ 2 కిలోబైట్లు. మా ఆఫీసులో ఒక్క ఎర్రర్ మెసేజే అంతకంటే పొడుగుంటుంది! ఎమ్‌ఐటీలో బీరువాలకి బీరువాలు నిండిన వాక్యూమ్ ట్యూబుల పని ఇప్పుడు అరచేతిలో పట్టే బోర్డు చేసేస్తోంది.

ప్లాస్మా కూడా ఇలాగే దిగొచ్చింది. యూనియన్ కార్బైడ్‌కి చెందిన లిండే విభాగంలో రాబర్ట్ గేజ్ 1950లలో మామూలు ఆర్క్‌ని ఇరుకు నాజిల్లోంచి దూర్చి కత్తిలా మార్చాడు. 1957లో పేటెంట్ వచ్చింది. గ్యాస్ కటింగ్‌కి లొంగని అల్యూమినియం మీద మొదట వాడారు. అయితే ఆర్గాన్, హైడ్రోజన్ లాంటి ఖరీదైన వాయువులు కావాలి. మామూలు గాలిలో టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ ఇట్టే కాలిపోతుంది. రాగి ఎలక్ట్రోడ్ కొసలో హాఫ్నియం ముక్క పొదగడం తెలిశాక, కంప్రెసర్ గాలే సరిపోయింది.

ఇలా ఎక్స్, వై రెండూ చవకయ్యాయి. మిగిలింది ఎత్తు. షీటుకీ టార్చికీ మధ్య సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు ఉండాలి. పల్చటి రేకు వేడికి అప్పడంలా లేస్తుంది. చేత్తో కోసేవాడైతే చప్పుడు విని, నిప్పురవ్వలు ఎటు పోతున్నాయో చూసి, తనకే తెలియకుండా మణికట్టు ఎత్తుతాడు. యంత్రానికి ఆ మణికట్టే లేదు. దాని బదులు ఆర్క్ వోల్టేజిని కొలుస్తారు: సందు పెరిగితే వోల్టేజి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. దాన్నిబట్టి ఒక మోటారు టార్చిని పైకీ కిందకీ జరుపుతుంది. దీన్నే టార్చ్ హైట్ కంట్రోల్ అంటారు.

2010లలో టెక్సస్‌కి చెందిన లాంగ్మ్యూర్ సిస్టమ్స్ 'క్రాస్‌ఫైర్' అనే చిన్న టేబుల్‌ని దాదాపు 1500 డాలర్లకి తెచ్చినప్పుడు, ధర అంత తగ్గించగలిగింది ఇక్కడే. అందులో ఎక్స్, వై మోటార్లే ఉన్నాయి. ఎత్తు మనం చేత్తో సరిచేసుకోవాలి. ఇది మోసమేం కాదు. ఆరు మిల్లీమీటర్ల ప్లేటులో బ్రాకెట్లు కోసుకునేవాడికి అంతే చాలు, మందపు ప్లేటు అంత సులువుగా వంగదు. అదే పల్చటి రేకులో మన ఊళ్ళ గేట్లమీద కనిపించే తీగలూ నెమళ్ళూ కొయ్యాలంటే మాత్రం, హైట్ కంట్రోల్ లేని టేబుల్ ఎంత చవకైనా దండగే. రేకు లేచి టార్చిని తన్నుతుంది, అక్కడితో ఆ షీటు పోయినట్టే.

డబ్బు తక్కువుంటే పెద్ద టేబుల్ ఆశ వదులుకుని, కటింగ్ మిషను మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. చవకరకం ప్లాస్మా కట్టర్లు ఆర్క్‌ని హై ఫ్రీక్వెన్సీతో రాజేస్తాయి. ఆ గోల యూఎస్‌బీ వైర్లలోకి దూరి కంట్రోలర్‌ని సగం కోతలో ఆపేస్తుంది. గాలి ఒత్తిడితో ఎలక్ట్రోడ్‌ని వెనక్కి నెట్టి ఆర్క్ రాజేసే రకం ఖరీదెక్కువే, కానీ కంప్యూటర్ పక్కన బుద్ధిగా ఉంటుంది. కంప్రెసర్ గాలి పొడిగా ఉండాలి, తేమ తగిలితే నాజిళ్ళు గంటల్లో పోతాయి. పొగా రవ్వలూ పట్టుకోవడానికి కింద నీళ్ళ తొట్టి ఉండాలి.

ఇన్ని కొన్నాక కూడా హైట్ కంట్రోల్ ఒక చోట తడబడుతుంది. మూల తిరిగేటప్పుడు టార్చి వేగం తగ్గుతుంది. కింద లోహం అప్పటికే కరిగిపోయి ఉంటుంది కాబట్టి ఆర్క్ సాగి, వోల్టేజి పెరుగుతుంది. టార్చి పైకి వెళ్ళిపోయిందనుకుని యంత్రం దాన్ని కిందకి దించి, తిన్నగా షీటులోకి గుచ్చుతుంది. అందుకే వేగం ఇంత శాతానికి పడితే ఎత్తు ముట్టుకోకు అని సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ పెట్టారు. ఆ శాతం ఎంతో కోతల చార్టులో ఉండదు. నాలుగు పాత ముక్కలు కోసి, చప్పుడు విని, ఎవరి టేబుల్‌కి వాళ్ళే తేల్చుకుని టైపు చేసుకోవాలి.