డేవిడ్ చౌమ్

డేవిడ్ చౌమ్ (జననం: 1955) అమెరికాకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త, వ్యాపారవేత్త. క్రిప్టోగ్రఫీ అనబడే గూఢలేఖన శాస్త్రంలో ఈయన చేసిన పరిశోధనలు ఎలక్ట్రానిక్ నగదుకు పునాది వేశాయి. కంప్యూటర్ల ద్వారా చెల్లింపులు జరిగే కాలంలో ప్రతి పౌరుని జీవితమూ ఇతరులకు తెరచిన పుస్తకం అవుతుందని 1980లలోనే హెచ్చరించినవారిలో ఈయన ముఖ్యుడు. ఈయన స్థాపించిన డిజీక్యాష్ అనే సంస్థ 1998లో దివాలా తీసింది. రెండు దశాబ్దాల తరువాత బ్లాక్‌చెయిన్ రంగంలో మరల వ్యాపారవేత్తగా ప్రవేశించి ఎక్స్‌ఎక్స్ నెట్‌వర్క్‌ను నెలకొల్పాడు.

విద్యాభ్యాసం, తొలి పరిశోధనలు

చౌమ్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజలెస్‌లో జన్మించాడు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి 1982లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ పొందాడు. ఒకరినొకరు నమ్మని వర్గాలు అన్నీ కలసి ఒకే కంప్యూటర్ వ్యవస్థను నమ్మకంగా నడుపుకొనడం ఎలాగన్నది ఈయన సిద్ధాంత వ్యాసానికి విషయం. తరువాతి కాలంలో బ్లాక్‌చెయిన్‌గా పేరుపొందిన విధానపు లక్షణాలు పెక్కు ఈ వ్యాసంలో ఉన్నాయని, బిట్‌కాయిన్‌లోని పని నిరూపణ పద్ధతి మాత్రం ఇందులో లేదని పరిశోధకులు అనంతర కాలంలో గుర్తించారు.

డాక్టరేట్ పొందడానికి ముందే, 1981లో, చౌమ్ మిక్స్ నెట్‌వర్క్ అనే భావనను ప్రకటించాడు. ఉత్తరాన్ని ఒక కవరులో పెట్టి, ఆ కవరును మరొక కవరులో, దానిని ఇంకొక కవరులో పెట్టినట్లుగా సందేశాన్ని అనేక పొరలుగా గూఢలిపిలోకి మారుస్తారు. మార్గమధ్యంలోని ప్రతి కంప్యూటరు ఒక్కొక్క పొరను మాత్రమే విప్పి, వచ్చిన సందేశాలన్నిటినీ కలగలిపి, వరుస మార్చి ముందుకు పంపుతుంది. దీనివలన ఎవరు ఎవరికి వ్రాశారో బయటివారికి తెలియదు. తరువాతి కాలపు అజ్ఞాత సమాచార వ్యవస్థలు పెక్కింటికి ఈ భావనే మూలం.

1982లో చౌమ్ నిర్వహించిన సదస్సు నుండి అంతర్జాతీయ క్రిప్టోగ్రఫీ పరిశోధనా సంఘం రూపుదిద్దుకొన్నది. అనంతరం ఈయన నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జాతీయ గణిత, కంప్యూటర్ శాస్త్ర పరిశోధనా కేంద్రమైన సీడబ్ల్యూఐలో క్రిప్టోగ్రఫీ విభాగానికి నాయకత్వం వహించాడు.

బ్లైండ్ సిగ్నేచర్

చౌమ్ ఆవిష్కరణలలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది బ్లైండ్ సిగ్నేచర్. ఇది 1982లో వెలువడింది. దీనిని వివరించడానికి కార్బన్ కాగితం ఉదాహరణ చెబుతారు. ఒక కాగితాన్ని కార్బన్ పూసిన కవరులో పెట్టి, కవరు పైన సంతకం చేయిస్తే, ఆ సంతకం లోపలి కాగితం మీద కూడా పడుతుంది. సంతకం చేసినవారికి లోపల ఏమి వ్రాసి ఉన్నదో తెలియదు. గణిత సూత్రాల సహాయంతో కంప్యూటర్‌లో చౌమ్ సాధించినది ఇదే.

ఎలక్ట్రానిక్ నగదులో దీని ఉపయోగం ఈ విధంగా ఉంటుంది. ఖాతాదారుని కంప్యూటరు ఒక పెద్ద సంఖ్యను ఎన్నుకొని, దానిని మరుగుపరచి బ్యాంకుకు పంపుతుంది. బ్యాంకు అతని ఖాతా నుండి సొమ్ము తగ్గించుకొని ఆ సంఖ్యపై సంతకం చేస్తుంది. ఖాతాదారుడు మరుగు తొలగించినా సంతకం చెల్లుబాటు అవుతుంది. ఆ సంఖ్యే నాణెం. వర్తకుడు దానిని బ్యాంకుకు పంపినపుడు, సంతకం తనదే అని, ఆ నాణెం అంతకు ముందు ఖర్చు కాలేదని బ్యాంకు సరిచూసుకొంటుంది. కాని అది ఏ ఖాతా నుండి వచ్చినదో చెప్పలేదు.

ఈ విధానంలో గోప్యత చెల్లించేవారికి మాత్రమే లభిస్తుంది. సొమ్ము పుచ్చుకొన్నవారు దానిని బ్యాంకులో జమచేయాలి గనుక వారు దాగలేరు. లంచగొండులకు, బలవంతపు వసూళ్ళు చేసేవారికి ఇది అనుకూలం కాదన్నది దీనికి అనుకూలంగా చెప్పే వాదన. ఎలక్ట్రానిక్ నాణేన్ని నకలు తీసి రెండుమార్లు ఖర్చు చేసినవారి పేరు మాత్రం దానంతట అదే బయటపడే పద్ధతిని చౌమ్, ఆమోస్ ఫియాట్, మోనీ నోర్ కలసి 1988లో ప్రతిపాదించారు.

డిజీక్యాష్

ఈ భావనలను ఆచరణలో పెట్టడానికి చౌమ్ 1989-90 కాలంలో ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా డిజీక్యాష్‌ను స్థాపించాడు. సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ నగదు పేరు ఈక్యాష్. 1994లో ఇంటర్నెట్ ద్వారా ఈక్యాష్ చెల్లింపును ప్రదర్శించారు. 1995లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు మార్క్ ట్వైన్ బ్యాంకు తన ఖాతాదారులకు నిజమైన డాలర్లతో ఈక్యాష్‌ను అందించింది. జర్మనీకి చెందిన డాయిష్ బ్యాంకుతో పాటు ఫిన్లాండ్, ఆస్ట్రేలియా వంటి దేశాల బ్యాంకులు కూడా దీనిని చేపట్టాయి.

అయినను ఈక్యాష్ ప్రజలలో వ్యాపించలేదు. పుచ్చుకొనే దుకాణాలు లేనందున ప్రజలు చేరలేదు. ప్రజలు చేరనందున దుకాణాలు పుచ్చుకొనలేదు. ఇంతలో క్రెడిట్ కార్డు సంఖ్యను ఇంటర్నెట్‌లో భద్రంగా పంపే ఏర్పాట్లు వచ్చాయి. చేతిలో ఉన్న కార్డుతోనే పని జరుగుతున్నపుడు గోప్యత కొరకు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకొనే ఓపిక ఎక్కువమందికి లేకపోయింది. 1998 నవంబరులో డిజీక్యాష్ దివాలా రక్షణ కోరింది. దాని ఆస్తులు ఇతరుల చేతిలోకి వెళ్ళాయి.

ఈ సంస్థలో పనిచేసిన జూకో విల్‌కాక్స్ తరువాత 2016లో ప్రారంభమైన జీక్యాష్ అనే క్రిప్టోకరెన్సీ స్థాపకులలో ఒకడయ్యాడు.

ఎన్నికల విధానాలు

డిజీక్యాష్ అనంతరం చౌమ్ ఎన్నికలపై దృష్టి నిలిపాడు. తన ఓటు సరిగా లెక్కకు వచ్చినదని ఓటరు స్వయంగా నిర్ధారించుకొనగలగాలి. కాని ఎవరికి వేశాడో మరొకరికి నిరూపించే అవకాశం ఉండరాదు. లేనియెడల ఓట్ల కొనుగోలుకు దారి ఏర్పడుతుంది. ఈ రెండింటినీ సాధించే స్కాంటెగ్రిటీ విధానాన్ని ఇతర పరిశోధకులతో కలసి రూపొందించాడు. 2009లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం టకోమా పార్క్ పురపాలక ఎన్నికలలో దీనిని ఉపయోగించారు.

బ్లాక్‌చెయిన్ రంగం

2008లో వెలువడిన బిట్‌కాయిన్ పత్రంలో చౌమ్ రచనల ప్రస్తావన లేదు. రెండింటి మధ్య మౌలికమైన భేదం ఉంది. ఈక్యాష్‌కు బ్యాంకు తప్పనిసరి. బిట్‌కాయిన్‌కు బ్యాంకు అక్కరలేదు, కాని దాని లావాదేవీలన్నీ బహిరంగ చిట్టాలో శాశ్వతంగా నిలిచి ఉంటాయి. చౌమ్ మొదటినుండి కోరిన గోప్యత ఇందులో పరిమితం.

2016లో చౌమ్ ప్రైవటెగ్రిటీ అనే సందేశ వ్యవస్థను ప్రకటించాడు. వేర్వేరు దేశాలలోని తొమ్మిది సర్వర్ల నిర్వాహకులు అందరూ ఏకమైతే నేరస్థుల సందేశాలను విప్పగలిగే ఏర్పాటు ఇందులో ఉంది. నేరపరిశోధనకు, గోప్యతకు మధ్య ఇది రాజీమార్గమని ఆయన భావించగా, ఎంత కట్టుదిట్టమైనదైనా దొడ్డిదారి దొడ్డిదారే అని పలువురు నిపుణులు విమర్శించారు.

2018లో ఎలిక్సర్, 2019లో ప్రాక్సిస్ అనే ప్రణాళికలను ప్రకటించాడు. మొదటిది సందేశాలకు, రెండవది డిజిటల్ నాణేలకు సంబంధించినది. రెండూ కలసిన ఎక్స్‌ఎక్స్ నెట్‌వర్క్ 2021 నవంబరులో ప్రారంభమైనది. 1981 నాటి మిక్స్ నెట్‌వర్క్‌కు వేగవంతమైన రూపం దీనికి ఆధారం. భవిష్యత్తులో రాగల క్వాంటం కంప్యూటర్ల దాడిని తట్టుకొనడం దీని లక్ష్యాలలో ఒకటి.

2021లోనే కేంద్ర బ్యాంకులు గోప్యత గల డిజిటల్ నగదును జారీ చేసే విధానంపై స్విట్జర్లాండ్ జాతీయ బ్యాంకుకు చెందిన థామస్ మోజర్, పరిశోధకుడు క్రిస్టియన్ గ్రోథాఫ్‌లతో కలసి ఒక పత్రం వెలువరించాడు. బ్లైండ్ సిగ్నేచర్ ఇందులో కూడా కీలకం. అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు 2023లో జరిపిన టూర్బియాన్ ప్రయోగం చౌమ్ విధానాలను పరీక్షించింది.

గుర్తింపు

2010లో గణిత శాస్త్ర కృషికి ఆర్‌ఎస్‌ఏ పురస్కారం లభించింది. 2019లో సీడబ్ల్యూఐ ఈయనను డైక్‌స్ట్రా ఫెలోగా గౌరవించింది. వ్యాపారంలో ఈక్యాష్ నిలవకపోయినా, సొమ్ము చెల్లించిన ప్రతిసారీ పౌరుడు తన ఉనికిని చాటుకొనవలసినదేనా అని చౌమ్ లేవనెత్తిన ప్రశ్న కేంద్ర బ్యాంకుల డిజిటల్ నగదు చర్చలలో ప్రధానాంశంగా నిలిచి ఉన్నది.