తృణము చాటున ధర్మవాదము



మన తెలుగునాట సుందరకాండ పారాయణము జరుగని ఊరు లేదు. పిల్లకు సంబంధము కుదురకున్నను, ఇంట వ్యాధి పీడించుచున్నను, కోర్టు వ్యాజ్యము తెమలకున్నను పెద్దలు చెప్పు మాట ఒక్కటియే: సుందరకాండ పారాయణ చేయుడు. అరువదియెనిమిది సర్గలను నియమముతో చదివి, వడపప్పు పానకములు నివేదించి, ఫలము పొందినవారు ఎందరో కలరు. ఈ సంప్రదాయము మిక్కిలి మంచిది. అయితే చదువుట ఒకటి, చదివినదానిని నిలిచి చూచుట మరియొకటి. నేడు ఆ కాండములోని 21వ సర్గ యొద్ద కొంతసేపు నిలువవలెనని మిమ్ము ప్రార్థించుచున్నాను. ఆయుధము లేక, అండ లేక చెరలోనున్న ఒక స్త్రీ, తన్ను చెరబట్టినవానితో యుక్తియుక్తముగా వాదించిన ఘట్టమది. ఇతిహాసమనగా 'ఇట్లు జరిగినది' అని అర్థము. ఎట్లు జరిగినదో ముందు చూతము.

రావణుడు సీతమ్మను లంకకు తెచ్చిన పిదప పండ్రెండు మాసములు గడువు విధించెనని అరణ్యకాండము చెప్పుచున్నది. ఆ లోపల తన మాటకు ఒప్పుకొనకున్నచో ఆమెను తన ప్రాతరాశమునకై వంటవాండ్రు ముక్కలు చేయుదురని బెదిరించెను. హనుమంతుడు అశోకవనము చేరునప్పటికి పది మాసములు గడచినవి, రెండు మాసములే మిగిలినవి. ఆ రాత్రి తుదిజామున హనుమ శింశుపావృక్షముపై ఆకుల చాటున కూర్చుండగా లంకలో ఒక ధ్వని వినబడినది. అది వేదఘోష. షడంగములతో వేదము నేర్చి క్రతువులు చేసిన బ్రహ్మరాక్షసులు వల్లించుచున్నారట! ఆ ఘోషతోను మంగళవాద్యములతోను మేల్కొని, నూరుగురు స్త్రీలు వెంటరాగా, రావణుడు అశోకవనమునకు బయలుదేరెను.

నా బాల్యమున పాఠశాలలో ఈ శ్లోకములను వేగముగా వల్లించి ముందునకు పోవుచుండగా మా గురువుగారు చేయెత్తి ఆపిరి. "లంకలో వేదము చదివినవారెవరురా?" అని అడిగిరి. "బ్రహ్మరాక్షసులండీ" అంటిని. "మనము చదువుచున్నదేమి?" అనిరి. "వేదమేనండీ" అంటిని. ఆయన మరేమియు అనలేదు. చేయి దించి, చదువుమని సైగ చేసిరి. నాటి ఆ ప్రశ్న నేటికిని నన్ను విడువలేదు. దాని యొద్దకు మరల వత్తును.

రావణుని స్థితి ఎట్టిదో ఆలోచింపుడు. లోకము అతనిని బలవంతుడనుచున్నది గాని, ఆ వేకువ అతడు దిక్కుతోచనివాడు. జనస్థానమున పదునాలుగువేల రాక్షసులతో ఖరుడు రాముని చేత హతుడయ్యెను. వలదని మొత్తుకొన్న మారీచుడు మాయలేడియై మరణించెను. సీతను తిరిగి అప్పగింపవలెనన్న అహంకారము అడ్డు వచ్చుచున్నది. బలాత్కరింపవలెనన్న శాపము అడ్డు వచ్చుచున్నది. పుంజికస్థల అను అప్సరసను అవమానించినందుకు, ఇష్టములేని స్త్రీని బలాత్కరించినచో తల నూరు వ్రక్కలగునని బ్రహ్మ శపించిన వృత్తాంతమును యుద్ధకాండములో రావణుడే మహాపార్శ్వునితో చెప్పుకొన్నాడు. కొందరు 'రావణుడు సీతను తాకలేదు, అది అతని పెద్దమనసు' అని పలుకుచుందురు. మూలమును చూచినవారు అట్లు పలుకజాలరు. శిరస్సు పగులునను భయము పెద్దమనసు కానేరదు. కావున అతనికి మిగిలిన ఉపాయము ఒక్కటే: ఆశ చూపుట, ఆశకు లొంగనిచో ప్రాణభయము చూపుట.

ఆ వేకువ అతడు చెప్పినవి మూడు మాటలు. మొదటిది, పరస్త్రీలను పొందుటయు బలిమిని అపహరించుటయు రాక్షసులకు స్వధర్మమేనని. రెండవది, యౌవనము ఏటినీటి వలె పోవునది గనుక తన ఐశ్వర్యమును అనుభవింపుమని, లంకలోని స్త్రీలందరును ఆమెకు పరిచర్య చేయుదురని. మూడవది, రాముడు నారచీరలు కట్టి అడవులలో తిరుగువాడు, అసలు బ్రదికి యున్నాడో లేడోనని. మొదటిది శాస్త్రము పేర, రెండవది ధనము పేర, మూడవది నిరాశ పేర వేసిన వల. చెరలోనున్నవారిపై ఏ కాలమున ఎవరు వేసినను ఈ మూడు వలలే వేయుదురు.

సీతమ్మ ఏమి చేసెను? ఒక గడ్డిపోచను తనకును అతనికిని నడుమ ఉంచెను. దీనికి వ్యాఖ్యాతలు పలు భావములు చెప్పిరి. పతివ్రత పరపురుషునితో సూటిగా మాటలాడరాదు గనుక అది తెర అని కొందరు. నీవు నాకు గడ్డిపోచతో సమానమని కొందరు. పశువువంటి నీకు ఇదే ఆహారమని కొందరు. అన్నియు పొసగును. నాకు తోచునది మరియొకటి కలదు. సర్వస్వమును పోగొట్టుకొన్నవారికిని గీత గీయుటకు ఒక గడ్డిపోచ మిగులును. ఆ గీతకు ఈవల నిలిచి ఆమె వాదము ప్రారంభించెను.

ఆమె వాదక్రమమును గమనింపుడు. మొదట శాపము పెట్టలేదు, ఏడ్చి కాళ్లు పట్టుకొనలేదు. నీ మనస్సును నా నుండి మరల్చి నీవారియందు నిలుపుకొనుమని హితము చెప్పినది. పిదప అతనికి వెన్ను చూపి కూర్చుండి, అసలు యుక్తిని ఎత్తుకొన్నది. నీ భార్యలను పరులు కన్నెత్తి చూడకుండ రక్షించుకొందువు గదా, అట్లే పరుల భార్యలును రక్షింపదగినవారు, నిన్నే ఉపమానముగా నిలుపుకొని చూడుము అని ఆ మాటల తాత్పర్యము. స్వధర్మమని అతడు శాస్త్రమును అడ్డు పెట్టుకొనగా, ఆమె శాస్త్రవిచారమునకు దిగలేదు. అతని అంతఃపురమునే అతనికి సాక్ష్యముగా చూపినది. గీతలోని ఆరవ అధ్యాయమున భగవానుడు ఉపదేశించిన ఆత్మౌపమ్యము ఇదియే. తనకు నొప్పియైనది పరులకును నొప్పియే. దీనిని తెలిసికొనుటకు షడంగములును అక్కరలేదు.

తరువాత ఒక ప్రశ్న వేసినది. ఈ లంకలో సత్పురుషులే లేరా? ఉన్నను వారిని నీవు అనుసరింపవా? భక్తులారా, అంతకు కొన్ని గడియల ముందే ఆ ఊరిలో వేదఘోష వినబడినదని మరువకుడు. చదివినవారు కలరు, క్రతువులు చేసినవారు కలరు. ఒక స్త్రీని చెర విడిపింపుమని రాజునకు చెప్పగలిగినవారు ఎందరు? మా గురువుగారు చేయెత్తి ఆపిన చోటు ఇదియేనని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. వేదము నోట నుండుట చాలదు. అన్యాయము ఎదుటబడినప్పుడు ఆ నోరు తెరచుకొనవలెను.

మూడవ మెట్టున ఆమె రాజనీతి చెప్పినది. మనస్సును అదుపు చేసికొనలేని రాజు చేతబడిన రాజ్యము ఎంత సంపన్నమైనను నిలువదు, నీ ఒక్కని అపరాధమున రత్నరాసులతో నిండిన ఈ లంక యెల్ల నశించునని. ధనాశకు సమాధానముగా, సూర్యుని నుండి కాంతి విడిపోనట్లు నేను రాఘవుని నుండి విడిపోనిదానను, ఐశ్వర్యముతో నన్ను లోభపెట్టజాలవనెను. నిరాశకు సమాధానముగా, రాముని ధనుష్టంకారమును నీవు త్వరలో విందువనెను. మూడు వలలకును మూడు సమాధానములు సరిపోయినవి.

అంతటితో ఆగియున్నచో అది గెలుపుకొఱకు చేసిన వాదమై యుండెడిది. సీతమ్మ అతనికి త్రోవ కూడ చూపినది. రాముడు ధర్మజ్ఞుడు, శరణన్నవారియందు వాత్సల్యము గలవాడు, నీకు బ్రదుక కోరిక యున్నచో అతనితో మైత్రి చేసికొనుము, నన్ను అప్పగింపుము, నీకు మేలగును అనెను. తన్ను చెరబట్టినవాని క్షేమమునకు మార్గము చెప్పిన వాదము లోకమున ఎన్ని కలవు? ఎదుటివానిని మూలకు నెట్టుట సులభము. మూలన చిక్కినవానికి వాకిలి చూపుట తల్లికే సాధ్యము.

బరోడా ప్రాచ్యవిద్యామందిరము వారు 1960 మొదలు 1975 వరకు ఏడు సంపుటములుగా ప్రకటించిన వాల్మీకి రామాయణ పరిశోధిత ప్రతిలో సుందరకాండ సర్గలు 66 అయినవి, సర్గసంఖ్యలును మారినవి. అయినను ఈ సంవాదము అందు చెక్కుచెదరక నిలిచియున్నది.

ఇక ఒక సందేహము. ఇంత చెప్పినను రావణుడు వినలేదు గదా! మిగిలినవి రెండు మాసములేయని మరల గడువు జ్ఞాపకము చేసి గర్జించెను. ఆమె బెదరక, నీ మేలు కోరి నిన్ను ఆపువాడు ఒక్కడును లేడా యని అడిగెను. నిన్ను భస్మము చేయు తేజస్సు నాకు కలదు, రాముని ఆజ్ఞ లేనందునను నా తపస్సును కాపాడుకొనుటకును ఊరకున్నాననెను. రావణుడు క్రోధావిష్టుడు కాగా ధాన్యమాలిని అతనిని కౌగిలించుకొని మరల్చుకొనిపోయినది. పోవుచు అతడు, సామదానభేదదండములతో ఈమెను లొంగదీయుడని రాక్షసస్త్రీలను నియోగించెను. అట్లయిన ఆ వాదము వృథాయైనదా?

కాలేదు. రావణుడు వినలేదు గాని విన్నవారు వేరే కలరు. చెట్టుపైనున్న హనుమ ప్రతి అక్షరమును వినెను. మరికొన్ని ఘడియలలో అతడే రాక్షసుల చేత బంధింపబడి రావణసభలో నిలిచినప్పుడు, ధర్మము తెలిసిన నీకు పరభార్యను నిర్బంధించుట తగదని హితమునే పలికెను. చెరలోనున్న తల్లి మాటకు చెరబడిన బిడ్డ మాట ప్రతిధ్వని వలె నున్నది. లంకలోను సత్పురుషులు లేకపోలేదు. విభీషణుడు సీతను విడువుమని చెప్పుచునే యున్నాడని అతని పెద్దకుమార్తె, తల్లి పంపగా వచ్చి, తనతో చెప్పినదని సీతమ్మయే హనుమకు తెలిపినది. మాల్యవంతుడు చెప్పెను. కుంభకర్ణుడును మొదట మందలించెను. కావలి స్త్రీలలో త్రిజట కల కని మనసు మార్చుకొన్నది. నాగపాశబద్ధులైన సోదరులను పుష్పకము నుండి చూపి సీతను నమ్మించినప్పుడు, నీవు భర్తృహీనవైనచో ఈ విమానము నిన్ను మోయదు గదా యని ధైర్యము చెప్పినది ఆ త్రిజటయే. యుక్తితో నిలిచిన తల్లికి యుక్తియే తోడయినది.

మరియొక ఘట్టము. ఇంద్రజిత్తు మరణించినప్పుడు రావణుడు పుత్రశోకముతో కత్తి దూసి సీతను చంపుటకు పరుగెత్తెను. నాడు సుపార్శ్వుడను మంత్రి అడ్డువచ్చి, వేదవిద్యావ్రతములు పూర్తిచేసి స్నాతకుడవైన నీవు స్త్రీవధకు పూనుకొందువా యని ప్రశ్నించెను. నీ కోపమును రాముని మీద చూపుమనెను. ఆ ఒక్కసారి రావణుడు విని వెనుదిరిగెను. చదివిన వేదమును ఒకడు జ్ఞాపకము చేసినందున ఒక ప్రాణము నిలిచినది. "లంకలో సత్పురుషులే లేరా" యను తల్లి ప్రశ్నకు ఆలస్యముగానైన దొరికిన సమాధానమిది.

మన తెలుగువారికి ఈ కథతో మరియొక బంధము కలదు. భద్రాద్రి రామునకు గుడి కట్టించిన కంచెర్ల గోపన్న, తానీషా ఏలుబడిలో (1672–1687) గోల్కొండ చెరలో మ్రగ్గినప్పుడు, రాముని యొద్ద తన మాట చెప్పుమని సీతమ్మను వేడుకొనుచు కీర్తన పాడెను. చెర యెట్టిదో తెలిసిన తల్లికే చెరలోని బిడ్డ మొర పెట్టుకొన్నాడు.

చివరకు యుద్ధము ముగిసినది. శుభవార్త తెచ్చిన హనుమ, తల్లిని పీడించిన రాక్షసస్త్రీలను చంపుటకు అనుమతి కోరెను. ఆమె వలదనెను. వారు రాజాజ్ఞకు లోబడిన దాసీలు, తప్పు చేయనివారు లోకమున ఎవరు కలరు అని మరల యుక్తియే చెప్పినది. చెరలో పలికిన ధర్మమునే విడుదలయందును పలికినది. బలము లేనప్పుడు ధర్మము మాటలాడువారు పలువురు. బలము చేతికి వచ్చిన పిమ్మటను అదే మాట నిలుపుకొనువారు అరుదు. ఆమె వాదము నిజమైనదని చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

కావున పారాయణ చేయు తల్లులారా, అయ్యలారా! ఈసారి 21వ సర్గ వచ్చినప్పుడు ఒక్క నిమిషము ఆగుడు. మన ఇంట గాని, మన వీధిలో గాని, నోరు మూయబడి కూర్చున్న ఆడబిడ్డ ఎవరైన కలదా యని చూడుడు. కోడలు కావచ్చును, పనిమనిషి కావచ్చును. ఆమె తరపున ఒక్క న్యాయమైన మాట పలుకుడు. వినువాడు వినకపోవచ్చును. చెట్టుపై ఎవరు వినుచున్నారో మనకు తెలియదు.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.