శిక్షణ ముగిసిన తరువాత: భారతదేశంలో అప్రెంటిస్‌ల వృత్తిప్రగతి – నమోదు చరిత్ర

వ్యాససంగ్రహం:
భారతదేశంలో అప్రెంటిస్ శిక్షణకు 1850 నుంచి చట్టబద్ధమైన చరిత్ర ఉంది. శిక్షణకాలాన్ని నమోదు చేయడంలో చట్టాలు చూపిన శ్రద్ధ, ఆ తరువాతి వృత్తిజీవితాన్ని నమోదు చేయడంలో కనిపించదు. 1850, 1961 చట్టాలను, 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పును ఆధారంగా చేసుకొని ఈ లోటు ఎలా ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అప్రెంటిస్, వృత్తిశిక్షణ, ఐ.టి.ఐ., ఉపాధి, నమోదు.

1. ఉపోద్ఘాతం
వృత్తిశిక్షణ ఫలితాన్ని ధ్రువపత్రాల సంఖ్యతో కొలవడం సులభం. ఆ ధ్రువపత్రం పొందిన వ్యక్తి ఐదేళ్ల తరువాత ఏ పని చేస్తున్నాడు, నేర్చిన వృత్తిలోనే ఉన్నాడా, వేతనం పెరిగిందా అన్నవి అసలు ప్రశ్నలు. వీటికి సమాధానం దొరకాలంటే, శిక్షణ ముగిసిన తరువాత కూడా ఆ వ్యక్తి ఏదో ఒక పత్రంలో కనిపించాలి. మన చట్టాలు అటువంటి పత్రాన్ని ఎంతవరకు కోరాయన్నది ఇక్కడ విచార్యాంశం.

2. 1850 చట్టం
1850 నాటి 19వ చట్టం ప్రధానంగా అనాథ బాలలను, ప్రజాదాతృత్వంపై పెరిగిన పేద పిల్లలను దృష్టిలో ఉంచుకొన్నది. పది సంవత్సరాలు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను ఏడేళ్లకు మించని ఒప్పందంపై పనిలో చేర్చవచ్చు. బాలుర విషయంలో ఆ గడువు ఇరవై ఒకటవ ఏటిని, బాలికల విషయంలో వివాహాన్ని దాటరాదు. యుక్తవయస్సు వచ్చాక వారు జీవనోపాధి సంపాదించుకోగలగాలన్నది పీఠికలో చెప్పిన లక్ష్యం. అంటే చట్టం లక్ష్యం శిక్షణానంతర జీవితమే. అయితే అది కోరిన పత్రం ఒప్పందపత్రం మాత్రమే. గడువు తీరగానే ఆ బాలుడు పత్రాలలో కనిపించడు.

3. 1961 చట్టం
స్వాతంత్ర్యానంతరం 1950లో ప్రారంభమైన చేతివృత్తుల శిక్షణ పథకం ఐ.టి.ఐ.ల వ్యవస్థకు పునాది. పాత చట్టాన్ని రద్దు చేస్తూ వచ్చిన 1961 అప్రెంటిస్‌ల చట్టం పరిశ్రమలలో శిక్షణను క్రమబద్ధం చేసింది. ఇందులోని మూడు సెక్షన్లను కలిపి చదవాలి. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. 19వ సెక్షన్ ప్రకారం యజమాని ప్రతి అప్రెంటిస్ శిక్షణప్రగతిని రికార్డు చేయాలి. 2014 సవరణకు ముందున్న 22వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ప్రత్యేక షరతు ఉంటే తప్ప, శిక్షణ పూర్తిచేసిన వ్యక్తికి ఉద్యోగం ఇవ్వవలసిన బాధ్యత యజమానికి ఉండేది కాదు. ఇచ్చినా స్వీకరించవలసిన బాధ్యత అప్రెంటిస్‌కు ఉండేది కాదు.

ఈ మూడింటి ఫలితం స్పష్టం. కార్మికుడు కానందువల్ల అతడు కార్మికుల రికార్డులోకి రాడు. శిక్షణ ముగిసినందువల్ల శిక్షణ రికార్డులో కొనసాగడు. ఉద్యోగ బాధ్యత లేనందువల్ల అతడి తదుపరి గతిని తెలుసుకోవలసిన అవసరం యజమానికి కలగదు. నమోదులోని ఈ ఖాళీ అధికారుల అశ్రద్ధ వల్ల కాక, చట్టనిర్మాణం వల్లనే ఏర్పడిందని దీనినిబట్టి గ్రహించవచ్చు.

4. 1995 తీర్పు
ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో శిక్షణ పొందిన నిరుద్యోగుల సంఘం వివాదంలో 1995లో సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలను ఇచ్చింది. ఇతర అంశాలు సమానమైనప్పుడు నేరుగా ఎంపికయ్యేవారికంటే శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. వారి పేర్లు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి ద్వారా రానవసరం లేదు. వయోపరిమితిపై సర్వీసు నిబంధనలు ఏమీ చెప్పనిచోట శిక్షణకాలం మేరకు సడలింపు ఇవ్వాలి. శిక్షణసంస్థ సంవత్సరాలవారీగా జాబితాను నిర్వహించాలి. ముందు శిక్షణ పొందినవారే సీనియర్లు.

చరిత్ర పరిశోధకునికి చివరి అంశం అత్యంత ముఖ్యం. శిక్షణ పొందిన వ్యక్తి పేరు శిక్షణానంతరం కూడా నిలవాలన్న ఆదేశం ఇందులో ఉంది. అది గణాంకాల కోసం కాక, ఉపాధి కోరినవారి పోరాటం ఫలితంగా రావడం గమనార్హం. 2014 సవరణ, ప్రతి యజమాని అప్రెంటిస్‌ల నియామకానికి తన విధానాన్ని తానే రూపొందించుకోవాలన్నది. రైల్వేలు ప్రథమస్థాయి నియామకాలలో 20 శాతం స్థానాలను శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లకు కేటాయించాయి. అది చాలదంటూ 2018 మార్చి 20న ముంబయిలో మాటుంగా, దాదర్‌ల మధ్య అప్రెంటిస్‌లు పట్టాలపై బైఠాయించారు.

5. జాబితాకు అందనివారు
సీనియారిటీ జాబితా నిరీక్షించేవారిని చూపుతుంది. సొంతంగా వెల్డింగ్ దుకాణం పెట్టుకొన్న వ్యక్తి, గల్ఫ్‌కు వలసవెళ్లిన ఫిట్టర్, వివాహానంతరం వృత్తి మానుకొన్న స్త్రీ అందులో ఉండరు. ఈ లోటును పూరించేవి ట్రేసర్ అధ్యయనాలు. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, ఒరిస్సాలలో ఐ.టి.ఐ.ల పనితీరుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003లో వెలువరించిన నివేదిక ఈ దిశలో తెలుగు పరిశోధకులకు చేరువైన ఉదాహరణ. అయితే ఐ.టి.ఐ. ఉత్తీర్ణులు, పరిశ్రమలలో శిక్షణ పొందిన అప్రెంటిస్‌లు ఒకే వర్గం కారు. పాత చిరునామాలో దొరికినవారినే ప్రశ్నించే సర్వేలో వలసవెళ్లినవారి అనుభవం తక్కువగా నమోదవుతుంది. దొరకనివారిని విఫలులుగానో సఫలులుగానో ముందే లెక్కించడం రెండూ దోషాలే.

6. ముగింపు
1850 చట్టం జీవనోపాధిని లక్ష్యంగా చెప్పి ఒప్పందం దగ్గర ఆగింది. 1961 చట్టం శిక్షణప్రగతిని నమోదు చేసి ధ్రువపత్రం దగ్గర ఆగింది. 1995 తీర్పు పేరును నిలిపినా, నిరీక్షణను మాత్రమే నమోదు చేయించింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వంటి చోట్ల శిక్షణ రిజిస్టర్లను నియామక పత్రాలతోను, మౌఖిక చరిత్రతోను జోడించి ఒక్కొక్క జట్టు వృత్తిగమనాన్ని పునర్నిర్మించే ప్రయత్నం జరగాలి. అప్పుడే వృత్తిశిక్షణ చరిత్ర సంస్థల చరిత్రగా మిగిలిపోక శ్రామికుల చరిత్ర కాగలదు.